పంపు కొడితే గట్టిపడే బ్రేకుని నమ్మొద్దు: బ్రేకుల్లో ఎయిర్ తీయడం ఎట్టా?

అల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో కారు బ్రేక్ పెడల్ గురించి చెప్పుకుందాం. కాలు పెట్టగానే గట్టిగా తగలాల్సిన పెడల్, స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా దిగిపోతుంటుంది చూడండి, దాని సంగతి. మెకానిక్ దగ్గరికి పోతే "ఎయిర్ పట్టింది, తీయాలి" అంటాడు. ఆ ఎయిర్ ఎక్కడి నుంచి వస్తుంది, ఎట్టా తీస్తారు, ఎప్పుడు మనం చెయ్యి పెట్టకూడదు, అన్నీ చెప్తాను.

దానికన్నా ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

నేను డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా మామ దగ్గర ఒక పాత మారుతి ఉండేది. ఇసకపల్లి వైపు రొయ్యల గుంటలకి పోయి రావడానికి, మేత బస్తాలు వేసుకోవడానికి అదే బండి. ఒకరోజు మామ "పెడల్ మెత్తగా పోతోంది, నెల్లూరు తీసుకెళ్లాలి" అన్నాడు. నేను ఫోన్లో రెండు వీడియోలు చూసేసి ఉన్నా. "నెల్లూరు ఎందుకు మామా, నేను తీస్తా గదా" అన్నా. తమ్ముణ్ని పెడల్ మీద కూర్చోబెట్టి నేను చక్రం దగ్గర పడుకున్నా. బుడగలు వస్తున్నాయి, ఆయిల్ వస్తోంది, నాకు భలే సంతోషంగా ఉంది. కానీ పైన ఆయిల్ డబ్బా ఖాళీ అయిపోతోందని చూసుకోలా. గాలి తీయబోయి ఇంకా గాలి ఎక్కించాను.

అప్పుడు పెడల్ తొక్కి చూస్తే మొదటిసారి నేల దాకా పోయింది. రెండోసారి కొంచెం పైన ఆగింది. మూడోసారికి గట్టిపడింది. నేను "చూడు మామా, సెట్ అయిపోయింది" అని తాళం చేతిలో పెట్టా.

మామ బండి తీసుకుని గుంటల దగ్గరికి పోయాడు. కట్ట మీద మలుపులో సైకిల్ మీద ఒక పిల్లోడు ఎదురొచ్చాడు. మామ బ్రేక్ తొక్కాడు, పెడల్ కిందికి పోయింది. పంపు కొట్టే టైమ్ లేదు. హ్యాండ్ బ్రేక్ లాగి బండిని పక్కకి తిప్పితే ముందు చక్రం కాలవలో దిగింది. పిల్లోడికి ఏమీ కాలేదు, మామకీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి నన్ను తిట్టలేదు. ఒకటే మాట అన్నాడు: "పంపు కొడితే పట్టే బ్రేకు, పంపు కొట్టే టైమ్ ఉన్నప్పుడే పట్టుద్ది అల్లుడూ."

ఇంకేం మర్చిపోయినా పర్వాలేదు, ఆ మాట మాత్రం మర్చిపోవద్దు.

పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?

ఒక పది ఎంఎల్ సిరంజి తీసుకోండి. సూది వద్దు. బుడగ లేకుండా నీళ్లు నింపి, మూతిని వేలితో మూసి, వెనక నుంచి నొక్కండి. కదలదు. రాయిలాగా ఉంటుంది. ఇప్పుడు రెండు ఎంఎల్ నీళ్లు తీసేసి అంతే గాలి ఉంచి నొక్కండి. లోపలికి పోతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. స్పాంజి పెడల్ అంటే ఇదే.

మనం పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందుకు పోయి బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది. ద్రవం నలగదు కాబట్టి ఆ ఒత్తిడి పైపుల్లో నుంచి నాలుగు చక్రాలకీ పోతుంది. స్కూల్లో పాస్కల్ సూత్రం చదువుకున్నాం గదా, అదే ఇది. పైపులో గాలి ఉంటే మన కాలి బలం ముందు ఆ గాలిని నలపడానికి ఖర్చవుతుంది. అది నలిగాకే ప్యాడ్ డిస్క్‌ని గట్టిగా పట్టేది.

చిన్న లెక్క చూద్దాం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకోండి. లైన్లో ఒక్క సీసీ గాలి ఉంటే, దాన్ని నలపడానికే పిస్టన్ సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకు పోవాలి. పెడల్ ఒక మీట. పిస్టన్ ఒక మిల్లీమీటరు కదలడానికి మన కాలు నాలుగు మిల్లీమీటర్లు కదలాలి అనుకుంటే, ఒక్క సీసీ గాలికి పెడల్ సెంటీమీటరుకు పైగా ఊరికే దిగిపోతుంది. నాలుగు సీసీలు ఉంటే? పెడల్‌కి ఉన్న దూరం చాలావరకు దానికే సరిపోతుంది.

మరి పంపు కొడితే ఎందుకు గట్టిపడుతుంది? గబగబా తొక్కినప్పుడు, మొదట పోయిన ఆయిల్ వెనక్కి వచ్చేలోపు డబ్బాలోంచి ఇంకొంచెం ఆయిల్ లైన్లోకి చేరుతుంది. గాలి అప్పటికే సగం నలిగి ఉంటుంది. అందుకే గట్టిగా అనిపిస్తుంది. కొన్ని సెకన్లు ఆగితే ఆ ఆయిల్ డబ్బాలోకి వెళ్లిపోతుంది, పెడల్ మళ్లీ మెత్తబడుతుంది. అంటే పంపు కొడితే గట్టిపడటం బాగైందనడానికి గుర్తు కాదు. చాలాసార్లు లోపల గాలి ఉందనడానికే గుర్తు.

గాలి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది మూసి ఉన్న సిస్టమ్. పెట్రోలు లాగా బ్రేక్ ఆయిల్ ఖర్చయ్యేది కాదు. డబ్బాలో ఆయిల్ తగ్గిందంటే రెండే కారణాలు. ఒకటి, ప్యాడ్లు అరిగి పిస్టన్ బయటికి వచ్చింది, ఆ ఖాళీలోకి ఆయిల్ పోయింది. రెండు, ఎక్కడో కారుతోంది. కారుతుంటే పైన పోసుకుంటూ పోవడం వైద్యం కాదు.

ఈ మధ్య హోస్ పైపో, క్యాలిపరో, వీల్ సిలిండరో మార్చి ఉంటే గాలి అప్పుడే పట్టి ఉండొచ్చు. ఎవరూ ఏమీ విప్పకుండానే గాలి చేరిందంటే ముందు లీక్ వెతకండి. ప్రతి చక్రం లోపలివైపు, పైపుల జాయింట్ల దగ్గర, పెడల్ పైన మాస్టర్ సిలిండర్ వెనకవైపు తడి ఉందేమో చూడండి. లీక్ ఉంచుకుని ఎయిర్ తీస్తే ఆ గాలి మళ్లీ రాక మానదు.

ఆయిల్ పాతబడటం ఇంకో సంగతి. మామూలు బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. మన అల్లూరు సముద్రం పక్కన. ఎండాకాలం ఉక్కపోత, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఏడాదంతా తేమే. మూత సరిగ్గా లేకపోయినా, సీలు తీసిన డబ్బా ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్నా, ఆ తేమ ఆయిల్లోకి చేరుతుంది.

తేమ చేరితే ఏమవుతుంది? కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరిన ఆయిల్‌కి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. డాట్ 4 అయితే కొత్తది 230, నీళ్లు చేరినది 155. ఊళ్లో తిరిగినంతసేపు ఈ తేడా తెలియదు. తిరుమల పోయి వచ్చేటప్పుడు తెలుస్తుంది. కిందికి దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు తర్వాత మలుపు. బ్రేక్ మీదే కాలు పెట్టుకుని దిగితే చక్రాల దగ్గర వేడెక్కి, పాత ఆయిల్ మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. పైన బాగున్న పెడల్ సగం దారిలో మెత్తబడుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమంటాయి. ఘాట్‌లో చిన్న గేరులో దిగమనేదీ అందుకే.

ముందు పెడల్ ఏం చెప్తోందో వినండి

స్పానర్ పట్టుకునే ముందు బండి నిలబెట్టి ఈ పరీక్ష చేయండి.

పెడల్ మెత్తగా ఉండి, పంపు కొడితే పైకి వచ్చి, కాసేపాగితే మళ్లీ మెత్తబడితే గాలి ఉందని అనుమానించాలి. వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లలో లైనర్లు అరిగి, అడ్జస్ట్‌మెంట్ లూజైనా మొదటి తొక్కు కిందికి పోతుంది. కానీ అప్పుడు పెడల్ కింద ఆగినచోట గట్టిగానే తగులుతుంది, స్పాంజిలాగా ఉండదు. దానికి ముందు అడ్జస్ట్‌మెంట్ చూసుకోవాలి.

పెడల్ మీద కాలు గట్టిగా పెట్టి అట్టానే ఉంచితే, అది మెల్లమెల్లగా నేల వైపు జారుతుంటే అది వేరే కథ. ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీల్ అరిగి ఆయిల్ లోపల్లోపలే వెనక్కి పోతోంది. ఎయిర్ తీసినా బాగుపడదు.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి సరిగ్గా ఆగకపోతే ముందు బూస్టర్, వ్యాక్యూమ్ పైపు చూపించాలి. దానికీ ఎయిర్‌కీ సంబంధం లేదు.

కావాల్సిన సామాన్లు

కారు మాన్యువల్లో, లేదా ఆయిల్ డబ్బా మూత మీద ఏ డాట్ అని రాసి ఉంటుంది. అదే కొనండి, సీలు ఉన్న కొత్త సీసా. డాట్ 5 అని సిలికాన్ ఆయిల్ ఒకటుంది, దాన్ని డాట్ 3, డాట్ 4 లతో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయొద్దు. లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోయి మొత్తం సిస్టమ్ మార్చుకోవాల్సి వస్తుంది.

నిపుల్‌కి సరిపోయే రింగ్ స్పానర్, ఒక మూర పొడవు సన్నటి పారదర్శక పైపు, వాటర్ బాటిల్, సిరంజి, పాత గుడ్డలు, బకెట్ నీళ్లు ఉంచుకోండి. పైపు చేపల తొట్టెలకి గాలి కొట్టేదైనా సరే. పెడల్ తొక్కడానికి చెప్పిన మాట వినే మనిషి ఒకరు కావాలి.

జాకీ, జాకీ స్టాండ్లు తప్పనిసరి. మనది ఇసక నేల. బరువు పడితే జాకీ కుంగుతుంది. సిమెంటు నేల మీద చేయండి. లేకపోతే కింద మందపాటి చెక్క వేయండి. ఇటుకలు పేర్చి బండి నిలబెట్టొద్దు, ఇటుక పగిలితే కింద ఉన్నది మనమే. నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టండి.

ఉప్పు గాలికి నిపుళ్లు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. తెల్లారి స్పానర్ వేసి మెల్లగా తట్టి తిప్పండి. రాకపోతే బలం పెట్టొద్దు. నిపుల్ విరిగితే వీల్ సిలిండరో క్యాలిపరో మార్చాల్సి రావచ్చు. రీల్స్ కోసం బీచ్‌లో అలల్లోకి కారు దింపే తమ్ముళ్లూ, మీ నిపుళ్ల సంగతి ఒకసారి చూసుకోండి. అట్టా దింపితే ఆ రోజే కింద మంచినీళ్లతో కడిగించండి.

ఇప్పుడు పని

ఇంజిన్ ఆఫ్. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా మూత చుట్టూ దుమ్ము తుడవండి, ఆ తర్వాతే మూత తీయండి. నల్లబడ్డ పాత ఆయిల్‌ని సిరంజితో చాలావరకు లాగేయండి. డబ్బా పూర్తిగా ఖాళీ చేయొద్దు. కొత్త ఆయిల్ మ్యాక్స్ గీత దాకా పోయండి.

ఏ చక్రంతో మొదలు పెట్టాలి? మాన్యువల్ ఏం చెప్తే అదే ఫైనల్. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్నదానితో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొన్ని కార్లలో ఒక ముందు చక్రానికీ దాని ఎదురు మూల వెనక చక్రానికీ కలిపి ఒక లైన్ ఉంటుంది. వాటికి వరస వేరుగా చెప్పొచ్చు.

నిపుల్ మీద రబ్బరు టోపీ తీయండి. ముందు రింగ్ స్పానర్ తగిలించి, తర్వాత పైపు ఎక్కించండి. బాటిల్లో కొంచెం కొత్త ఆయిల్ పోసి, పైపు రెండో చివర అందులో మునిగి ఉండేట్టు పెట్టండి.

ఇక్కడి నుంచి మూడు మాటలే: నొక్కు, పట్టు, వదులు.

మీరు "నొక్కు" అంటే పెడల్ మీదున్న మనిషి మెల్లగా నొక్కాలి. "పట్టు" అంటే అట్టానే కాలు ఉంచాలి. అప్పుడు మీరు నిపుల్‌ని పావు తిప్పు వదులు చేస్తారు. ఆయిల్, దాంతోపాటు బుడగలు పైపులోకి వస్తాయి. పెడల్ దిగిపోతుంది, ఆయన కంగారుపడి కాలు తీయకూడదు. మీరు నిపుల్ బిగించాక "వదులు" అంటారు. అప్పుడే కాలు తీయాలి. నిపుల్ తెరిచి ఉండగా పెడల్ వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది, చేసిన పనంతా వృథా.

పాత బండ్లలో పెడల్‌ని నేల దాకా తొక్కించొద్దు. మాస్టర్ సిలిండర్ లోపల రోజూ పిస్టన్ తిరగని చోట తుప్పు, మురికి ఉంటాయి. సీల్ అక్కడి దాకా పోతే చిరిగిపోవచ్చు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి, అక్కడికి ఆగుతుంది.

ఐదారుసార్లు తొక్కగానే లేచి పోయి డబ్బాలో ఆయిల్ చూడండి. మిన్ గీత దగ్గరికి రాకముందే పోయండి. నేను చేయనిది ఇదే. ఇప్పుడు మా షెడ్లో ఎంత అర్జెంటు పనైనా ఇంకొకరిని డబ్బా దగ్గర నిలబెడతాను.

పైపులో బుడగలు ఆగిపోయి, కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా ఇట్టానే చేయండి. తర్వాత నిపుల్ బిగించండి, మరీ బలంగా కాదు, చిన్న బోల్టు అది. రబ్బరు టోపీ పెట్టండి. అది లేకపోతే బురద, ఉప్పు లోపల చేరతాయి. తర్వాత రెండో చక్రం.

బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్ తినేస్తుంది. కంట్లో పడితే చాలా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించండి. బయటికి తీసిన ఆయిల్ మళ్లీ డబ్బాలో పోయొద్దు, కాలవలో అసలు పారబోయొద్దు. ఆ నీళ్లే వరి మళ్లకీ గుంటలకీ పోయేది. సీసాలో పోసి పాత ఆయిల్ తీసుకునే షెడ్లో ఇవ్వండి.

రోడ్డెక్కే ముందు

ఇంజిన్ ఆఫ్‌లోనే ఒక నిమిషం ఆగి, పంపు కొట్టకుండా ఒక్కసారి తొక్కండి. మొదటి తొక్కుకే గట్టిగా, పైనే ఆగాలి. ఆ ఒక్క తొక్కే మీ పరీక్ష. రెండోది లెక్కలోకి రాదు.

తర్వాత గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోండి. జారకూడదు. కాలు అట్టానే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగుతుంది. అది బూస్టర్ పని, భయపడొద్దు. ఇంకో అర నిమిషం పట్టి ఉంచండి, జారకూడదు. దిగి నాలుగు నిపుళ్ల దగ్గరా వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. డబ్బాలో ఆయిల్ మ్యాక్స్ దాకా ఉందో లేదో చూసి మూత పెట్టండి. చక్రాల నట్లు బిగించారా? ఒక్కొక్కటీ మళ్లీ చూడండి.

అన్నీ బాగుంటే మనుషులు లేని ఖాళీ చోట నడక వేగంలో నాలుగైదుసార్లు ఆపి చూడండి. హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి ఉండాలి. ఏ కొంచెం అనుమానం ఉన్నా బండి కదిలించొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

ఏ బండికి చెయ్యి పెట్టకూడదు?

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఏబీఎస్ కార్లలో కూడా చక్రాల దగ్గర మామూలుగానే ఎయిర్ తీయొచ్చు. కానీ డబ్బా ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి పోతే, స్కానర్ పెట్టి లోపలి పంపునీ వాల్వుల్నీ ఆడించాల్సి రావచ్చు. అది ఇంటి దగ్గర అయ్యే పని కాదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల బ్రేకుల జోలికి అసలు పోవద్దు. లీక్ ఉన్నా, పెడల్ జారుతున్నా, రెండుసార్లు ఎయిర్ తీసినా మెత్తగానే ఉన్నా మెకానిక్ దగ్గరికే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొదటిసారి చేసేవాళ్లు అనుభవం ఉన్న మెకానిక్ పక్కన నిలబడి చూడండి, పెడల్ మీరే తొక్కండి. ఏం జరుగుతుందో కాలికి తెలుస్తుంది. వీడియో చూస్తే పని తెలుస్తుంది, పెడల్ ఎట్టా తగలాలో తెలియదు. నాకు తెలియనిది అదే.

మా మామ ఇప్పుడు వేరే కారు కొన్నాడు. సర్వీసుకి నా దగ్గరికే తెస్తాడు. తాళం తీసుకునే ముందు ప్రతిసారీ డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ ఒక్కసారి తొక్కుతాడు. ఒక్కసారే. నా మొహం వైపు చూస్తాడు, తర్వాత స్టార్ట్ చేస్తాడు.

ఈరోజు మీ ఇంట్లో కారు ఉంటే మీరూ అదే చేయండి. బండి ఆపి ఉన్నప్పుడు, ఒక్క తొక్కు. అది మెత్తగా పోతే ఈ ఎపిసోడ్‌ని ఇంట్లో బండి నడిపే వాళ్లకి పంపండి, బండి మాత్రం బయటికి తీయనివ్వకండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త.